మూసకు తొందర పనికిరాదు

మూస అనగానే నేటి పాఠకునికి మూస కథయో, మూస చిత్రమో స్ఫురించును. కుంపటి ముందు కూర్చుండు కంసాలికి మాత్రము అది బంగారము కరగించు చిన్న మట్టిపాత్ర. రసశాస్త్ర గ్రంథములలోని ‘మూష’ యిదియే. కళాశాలలలో క్రూసిబుల్ అని పిలుచు పింగాణి గిన్నె దాని తోబుట్టువు.

వరంగల్లులో నేను రసాయనశాస్త్రము బోధించుచుండిన రోజులలో ఒక విద్యార్థి అప్పుడే కడిగిన మూసను తడి ఆరకుండగనే పెద్దమంటపై నిలిపినాడు. అది టప్పున పగిలి, ఒక పెంకు అతని కండ్లద్దములకు తగిలినది. అద్దములు లేకున్న కన్ను పోయెడిది. గంట కొట్టులోపల ప్రయోగము ముగింపుమని తొందరపెట్టినది నేనే. కనుక తప్పును ఆ బాలునిపై మోపలేను. గరుకు అడుగునను, సన్నని పగుళ్లలోను దాగిన నీరు ఆవిరియైనచో సుమారు 1,700 రెట్లు విస్తరించును. దానికి వెలికి దారి కావలెను గదా!

ఈ సంగతి మన కమ్మరులు ఏనాడో ఎరుగుదురు. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో ఉక్కును మూసలలోనే వండెడివారు. దానికొరకు పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చెడివారు. భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు వాయిసీ వ్రాసిన అక్కడి విధానము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇనుమును మూసలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో 24 గంటలు కాచెడివారు. తెలంగాణపు పాత మూసల పెంకులను పరిశీలించిన శాస్త్రజ్ఞులకు మట్టిలో వరి ఊక జాడలు కనిపించినవి. ఊక మాడి బొగ్గును, సిలికాను, సన్నని సందులను మిగుల్చును. పుట్టిన పగులు పాకక అక్కడనే ఆగును. కళ్లములో ఎగిరిపోవు ఊకతో ఇంత పని! ఆ కొలుములు చల్లారి శతాబ్దము దాటినది.

మన పింగాణి గిన్నెలో ఊక లేదు. ఆ ఓర్పు మంట పెట్టువానికే ఉండవలెను. ముందు ఆరబెట్టి, మూత ఓరగా ఉంచి, సన్నని మంటపై వెచ్చచేసి, పిదప మంట పెంచవలెను. పైకి వంగి లోపలికి తొంగిచూడరాదు. కాలిన మూసను చల్లని రాతిబల్లపై దింపరాదు. పట్టుకారు కొసలను సహితము ముందు కొంత వేడిచేయుట మేలు. కాస్టిక్ సోడా పింగాణిని తినివేయును. దానికి నికెల్ మూస వాడుదురు. ప్లాటినము 1,768 డిగ్రీల వరకు కరగదు గాని, కరగిన సీసము సోకెనా, అంతకు ఎంతో ముందే చెడును. అన్నిటికంటె మోసకారి ఎరుపు పోయిన తెల్లని మూస. చూపునకు చల్లారినట్లే ఉండును, వేడి మాత్రము వందల డిగ్రీలు. నా బొటనవ్రేలిపై ఆ సాక్ష్యము నేటికిని కలదు.

మరుసటి వారము ఆ బాలుడు కొత్త మూసను మట్టి త్రికోణముపై నిలిపి, మంటను వత్తి అంత చేసినాడు. మధ్యలో గంట మ్రోగినది. నేను కదలలేదు, అతడును కదలలేదు.