సెల్యులార్ జైలు కట్టకముందు

1857 తిరుగుబాటు గురించి ఎక్కడ వ్యాసం వచ్చినా, సభ జరిగినా, పక్కన ఒక బొమ్మ తప్పనిసరిగా కనిపిస్తుంది: నడిమి బురుజు నుంచి చక్రపు ఆకుల్లా విచ్చుకున్న సెల్యులార్ జైలు. ఆ భవనం మీద గౌరవం ఉండాల్సిందే. కానీ దాని నీడలో పడి, దానికన్నా నలభై ఏళ్ల ముందు అండమాన్ దీవులకు వెళ్లినవాళ్ల కథ కనుమరుగైంది. 19వ శతాబ్దంలో ద్వీపాంతర శిక్ష అనుభవించినవాళ్లకు మనం చేస్తున్న మొదటి అన్యాయం, వాళ్లు బతికి చచ్చిన చోటును తప్పుగా గుర్తుపెట్టుకోవడం. అందుకే బాగా నాటుకుపోయిన కొన్ని అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: 1857 వీరులు సెల్యులార్ జైలు గదుల్లో మగ్గిపోయారు.

వాస్తవం: ఆ జైలు పని మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. 1857 ఖైదీలు అండమాన్‌లో అడుగుపెట్టింది 1858 మార్చి 10న. ఆగ్రా జైలుకు అధికారిగా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో సెమిరామిస్ అనే ఓడలో కలకత్తా నుంచి వచ్చాడు. వాళ్లను దించిన చోట జైలు కాదు గదా, గుడిసె కూడా లేదు. మొదట చాతమ్ దీవిలో దిగారు. అక్కడ నీళ్లు చాలక రాస్ దీవికి మారారు. అడవి నరకడం, గట్టి నేల తవ్వడం, తమ మీద కాపలా కాసేవాళ్లకు ఇళ్లు కట్టడం వాళ్ల పని. కాళ్లకు సంకెళ్లు, మెడలో నంబరు చెక్కిన బిళ్ల. పగలంతా జడివాన, జలగలు. రాత్రయితే చలిజ్వరం.

మొదటి మూడు నెలల లెక్క ఒకటి మిగిలింది. 1858 జూన్ నడిమికి అక్కడికి చేరినవాళ్లు 773 మంది. వారిలో ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు 64. పారిపోయి మళ్లీ దొరకనివాళ్లు 140. అడవిలోనే చనిపోయి ఉంటారని అధికారులు రాసుకున్నారు. పారిపోతూ పట్టుబడి ఉరికంబమెక్కినవాళ్లు 87. ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. మిగిలింది 481. అంటే వంద రోజులు తిరగకముందే ప్రతి ఎనిమిది మందిలో ముగ్గురు లేరు. ఈ లెక్కను సెల్యులార్ జైలు గోడల మధ్య ఊహించుకోవడం కుదరదు. అక్కడ గోడలే లేవు. సముద్రం, అడవి, ఉరితాడు ఆ గోడల పని చేశాయి.

మరి సెల్యులార్ జైలు ఎందుకు కట్టారు? కాలం గడిచేకొద్దీ ఆ వలసలో ఒక పద్ధతి ఏర్పడింది. కొన్నేళ్లు కఠిన శ్రమ చేసి, సత్ప్రవర్తన చూపినవాళ్లకు సొంతంగా సాగు చేసుకునే, సంసారం పెట్టుకునే అనుమతి ఇచ్చేవారు. ద్వీపాంతరం అంటే జనానికి భయం పోతోందని అధికారులు దిగులుపడ్డారు. 1890లో వచ్చిన లయల్, లెత్‌బ్రిడ్జ్‌ల విచారణ, కొత్తగా వచ్చే ఖైదీని మొదట కొన్ని నెలలు ఒంటరి గదిలో పెట్టాలని చెప్పింది. మనిషికి మనిషి కనబడకుండా గదులు కట్టించిన ఆలోచన అదే. అలీపూర్ బాంబు కేసు వాళ్లు, సావర్కర్ సోదరులు ఆ గదులకు వచ్చింది 1909 చివరి నుంచే. రెండు తరాల బాధలూ బాధలే, కానీ రెండూ ఒకటి కావు.

అపోహ: దీవివాసులు నరమాంస భక్షకులు కాబట్టే పారిపోయినవాళ్లెవరూ బతకలేదు.

వాస్తవం: ఈ మాట మార్కో పోలో కాలం నుంచి వినబడుతోంది గానీ దానికి ఆధారం ఏనాడూ దొరకలేదు. పారిపోయిన ఖైదీలను అండమానీలు బాణాలతో కొట్టారు, నిజమే. తమ అడవిని గొడ్డళ్లతో నరుకుతున్నవాళ్లలో ఎవడు ఖైదీ, ఎవడు దొర అని వాళ్లు ఎలా పోల్చుకుంటారు?

దూధ్‌నాథ్ తివారీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన 14వ పటాలంలో సిపాయి. 1858 ఏప్రిల్‌లో ఒక గుంపుతో కలిసి రాస్ దీవి నుంచి తప్పించుకున్నాడు. అడవి దాటితే బర్మాకు నేల దారి ఉందని, అక్కడి రాజు కొలువిస్తాడని ఖైదీల్లో ఒక నమ్మకం ఉండేది. అలాంటి దారేదీ లేదు. తోటివాళ్లు బాణాలకు కూలిపోయారు. గాయాలతో చిక్కిన దూధ్‌నాథ్‌ను అండమానీలు చంపలేదు, కట్టు కట్టారు, తమలో కలుపుకున్నారు, పెళ్లి కూడా చేశారు. ఏడాది పైగా వాళ్ల మధ్య బతికాడు. 1859 మేలో వాళ్లు అబర్దీన్ వైపు వలస మీద దాడికి బయలుదేరినప్పుడు ముందే వచ్చి వాకర్‌కు కబురిచ్చాడు. దాడి విఫలమైంది, అండమానీలు నష్టపోయారు, దూధ్‌నాథ్‌కు క్షమాభిక్ష దొరికింది. ప్రాణం పోసినవాళ్లకు ఆయన చేసిన పని ఇది. దీన్ని సాహసగాథలా చెప్పడం నాకు మనస్కరించదు.

ఆ తర్వాత గ్రేట్ అండమానీల గతి మరీ ఘోరం. ఖైదీలు, కాపలాదార్లు, నావికులతో పాటు దీవుల్లోకి కొత్త జబ్బులు దిగాయి. సుఖవ్యాధులు వ్యాపించాయి. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలల్లో ఉన్న జాతి 1901 జనాభా లెక్కల నాటికి 625 మందికి తగ్గింది. నేడు పదుల్లో ఉన్నారు. అండమాన్ మీద మన భాషలో వచ్చే రాతల్లో వీళ్లు అడవి బొమ్మలో చెట్లలా మాత్రమే కనిపిస్తారు. ఆ నేల వాళ్లది. ద్వీపాంతర శిక్ష వాళ్లకు కూడా పడింది, ఇల్లు కదలకుండానే.

అపోహ: కాలాపానీ అంటే అండమానే.

వాస్తవం: శాశ్వత వలసగా అండమాన్ ఈ వరసలో చివరిది. 1787 నుంచే కంపెనీ ఖైదీలను సుమత్రాలోని బెన్‌కూలెన్‌కు ఓడలెక్కించింది. ఆ తర్వాత పినాంగ్, మారిషస్, మలక్కా, సింగపూర్, బర్మా తీరం చేరాయి. 1801 నాటి పాళెగాళ్ల తిరుగుబాటును అణిచాక, శివగంగ, రామనాథపురం తదితర సీమలకు చెందిన 73 మందిని 1802 ఫిబ్రవరిలో తూత్తుకుడి నుంచి పినాంగ్‌కు పంపేశారు.

దీనికి మన రాయలసీమ కథతోనూ సంబంధం ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులను అండమాన్ జైలుకు పంపారనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. అప్పటికి అండమాన్‌లో ఖైదీల వలస లేదు. 1789లో ఒకసారి మొదలుపెట్టి, రోగాలు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. మళ్లీ తెరిచింది 1858లోనే. కాబట్టి 1847లో ద్వీపాంతరం పడినవాళ్లు ఎక్కిన ఓడలు వేరే రేవులకు వెళ్లేవి. వాళ్ల పేర్లు వెతకాలన్నా ఆ రేవుల కాగితాల్లోనే వెతకాలి.

సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ చూసినవాళ్లు దాని తెల్లటి నునుపుకు ముచ్చటపడతారు. 1856, 1861 మధ్య దాన్ని కట్టింది భారతీయ ఖైదీలు. ఆ గోడలకు పూసింది మద్రాసు సున్నం: గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి, కొబ్బరిపీచు నానిన నీళ్లతో మెత్తగా నూరి మెరుగుపెట్టే పూత. ఆ విద్య మద్రాసు తీరానిదే. 1857 తర్వాత తిరుగుబాటుదార్లను మాకు పంపొద్దని అక్కడి తెల్లవాళ్లు పట్టుబట్టారు. ఉత్తర భారతంలో తిరుగుబాటుదార్లు జైళ్లు బద్దలుకొట్టడంతో ఖైదీలను ఉంచడానికి చోటూ లేదు. అండమాన్ మళ్లీ తెరుచుకోవడానికి ఈ రెండు ఒత్తిళ్లూ తొందరపెట్టాయి. అయితే ఆ దీవుల్లో ఒక రేవు కావాలన్న ఆలోచన తిరుగుబాటుకు ముందే ఉంది. ఓడలు పగిలి కొట్టుకొచ్చిన నావికులకు అక్కడ దిక్కులేకపోవడం కంపెనీని కొన్నేళ్లుగా కలవరపెడుతోంది.

ఇక బహదూర్ షా జఫర్‌ను అండమాన్‌కు పంపారనుకునేవాళ్లూ ఉన్నారు. ఆయనను పంపింది రంగూన్‌కు. 1862 నవంబరు 7న అక్కడే కన్నుమూశారు.

అపోహ: ఆ దీవులకు వెళ్లినవాళ్లంతా స్వాతంత్ర్య సమరయోధులు.

వాస్తవం: మొదటి రెండు మూడేళ్ల ఓడల్లో వచ్చినవాళ్లలో 1857 వాళ్లే ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో హత్య, దోపిడీ కేసుల్లో యావజ్జీవం పడినవాళ్లు అధికం. ఆడవాళ్లూ ఉన్నారు. రాజకీయ ఖైదీ అనే విభాగాన్ని ఆనాటి చట్టం గుర్తించలేదు. రాజద్రోహమూ నేరమే, దోపిడీ కూడా నేరమే. ఇద్దరికీ ఒకే బిళ్ల, ఒకే గొడ్డలి. తేడా చూపింది హోదా దగ్గర. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ మహారాజు కులచంద్రను, ఆయన పరివారాన్ని మామూలు ఖైదీల్లో కలపకుండా మౌంట్ హేరియట్ కొండ మీద ఉంచారు. ఇప్పుడు దాని పేరు మౌంట్ మణిపూర్.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను హోప్‌టౌన్ రేవులో పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీని రాజకీయ ఖైదీగా రాస్తుంటారు. ఆయనకు శిక్ష పడింది పెషావర్‌లో కుటుంబ కక్షలో జరిగిన హత్యకు. అంతకుముందు బ్రిటిష్ వాళ్ల కొలువులోనే ఉన్నాడు. తనకు అన్యాయం జరిగిందన్న కసి అండమాన్‌లో పెరిగింది. వైపర్ దీవిలో ఆయనను ఉరితీశారు. ఆ దీవి జైలు కూడా సెల్యులార్ జైలుకు ముందుదే.

అపోహ: తుర్రెబాజ్ ఖాన్ అండమాన్‌లో చనిపోయారు.

వాస్తవం: 1857 జులై 17, శుక్రవారం. ఢిల్లీ మీదికి వెళ్లబోమని ఎదురుతిరిగి హైదరాబాదుకు వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను రెసిడెన్సీలో బంధించారన్న వార్తతో నగరం ఉడికిపోయింది. మక్కా మసీదు నమాజు తర్వాత జనం కదిలారు. రోహిల్లాలకు తుర్రెబాజ్ ఖాన్, జనానికి మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. పుత్లీబౌలి వైపు ఇళ్లు ఆక్రమించి, కోఠీలోని రెసిడెన్సీ మీద రాత్రంతా కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారుజామున వెనుదిరిగారు. నిజాం దివాను సాలార్ జంగ్ ప్రభుత్వం బ్రిటిష్ పక్షాన నిలిచింది.

తుర్రెబాజ్ ఖాన్‌కు యావజ్జీవ ద్వీపాంతరం వేశారు. కానీ ఆయన ఆ ఓడ ఎక్కలేదు. 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకున్నారు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. కొన్ని రోజుల్లోనే తూప్రాన్ దగ్గర చుట్టుముట్టి కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. అండమాన్‌కు చేరింది అల్లావుద్దీన్. అదే ఏడాది పంపారు, అక్కడే పోయారు. తుర్రెబాజ్ పేరు ఇప్పటికీ తెలంగాణ జనం నోళ్లలో ఆడుతోంది. సముద్రం దాటి శిక్షంతా మోసిన అల్లావుద్దీన్ పేరు హైదరాబాదులోనే ఎంతమందికి తెలుసు? నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

మన్యం వాళ్లదీ అదే పరిస్థితి. కల్లు గీత మీద చిగురు పన్ను, మున్సబుదారు ఆగడాలు భరించలేక 1879లో రంప పితూరీ రగిలింది. అణచివేత తర్వాత కొందరిని అండమాన్‌కు పంపారు. అల్లూరి సీతారామరాజు ఉద్యమానికి నాలుగు దశాబ్దాల ముందు సంగతి ఇది.

అపోహ: వెళ్లినవాళ్లెవరూ తిరిగిరాలేదు.

వాస్తవం: చాలామంది రాలేదు. కొందరు వచ్చారు. అంబాలా రాజద్రోహ కేసులో 1864లో ఉరిశిక్ష పడిన మౌలానా జాఫర్ థానేసరీ శిక్ష ద్వీపాంతరంగా మారింది. తాము ఉరికి సంతోషించడం చూసి, ఆ సంతోషం తమకు దక్కకూడదని శిక్ష మార్చారని ఆయనే రాసుకున్నారు. 1866లో వెళ్లి, గుమాస్తా పని చేసి, 1883లో ఇంటికి వచ్చి ఉర్దూలో అనుభవాలు రాశారు.

తిరిగిరానివాళ్లలో సంసారాలు పెట్టుకున్నవాళ్ల సంతతి నేటికీ ఆ దీవుల్లో ఉంది. వాళ్ల ఇంటి భాష హిందుస్తానీ. అక్కడి తెలుగువాళ్లు కూడా ఖైదీల వారసులేనని కొందరు అనుకుంటారు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాట్లాడేవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది 20వ శతాబ్దంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, రేవు పనికి, కూలికి తమంతట తాము వలస వెళ్లిన కుటుంబాలవాళ్లు.