ఇంటిలో వాడిన నీరు – కొలత, పరీక్ష

వేసవి రాగానే మన వీధి కుళాయిల వద్ద బిందెల వరుసలు తీరును. ఆ ప్రక్కనే కాలువలో స్నానపు నీరు, బట్టలుతికిన నీరు వృథాగా పోవుచుండును. ఈ రెండు దృశ్యములను నిత్యము చూచుచున్న మనము, పోవుచున్న నీరెంత, అది ఎట్టిది అని ఎన్నడైనను కొలిచితిమా?

మరుగుదొడ్డి నీరు గాక ఇంటిలో వాడి వదలిన నీటిని ‘గ్రే వాటర్’ అందురు. వంటింటి నీటిలో నూనె, మెతుకులు అధికము గనుక దానిని కొందరు ఇందులో చేర్చరు. సబ్బు కలియని వజూ నీరు అన్నింటికంటె తేలికైనది.

మొదట పరిమాణము. గొట్టము క్రింద 15 లీటర్ల బకెట్టు నుంచి గడియారము చూడవలెను. అది 50 సెకండ్లలో నిండినచో ప్రవాహము సెకండునకు 0.3 లీటరు. అయితే ఇంటి నీరు రోజంతయు ఒకే తీరున పారదు. కావున ఏడు దినములు బకెట్లను లెక్కించి వ్రాసికొనుట మేలు. బట్టలుతుకు రోజు, సెలవు రోజు తప్పక అందులో ఉండవలెను. సగటు తోటకు లెక్క, గరిష్ఠము తొట్టికి లెక్క.

2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ గ్రామీణులకు తలకు దినమునకు 55 లీటర్లు నిర్ణయించినది. ఐదుగురికి 275 లీటర్లు. అందులో 150 లీటర్లు తిరిగి లభించినవనుకొందము. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. దినమునకు 5 మిల్లీమీటర్ల చొప్పున ఆ నీరు 30 చదరపు మీటర్ల తోటకు సరిపోవును.

పరిమాణము చూచి తొందరపడరాదు. ఉతుకుడు పొడిలోని సోడియము నల్లరేగడిలో చేరినచో మట్టి బిగిసి నీరు లోనికి ఇంకదు. ఆ హాని కొన్ని నెలలకు గాని కనబడదు. చెట్టు వాడిన పిదప విచారించుటకంటె ముందే పరీక్షించుట తెలివి.

నమూనాను ఒకే గ్లాసుతో తీయరాదు. మొదటి సబ్బు నీరు వేరు, చివరి జాడింపు నీరు వేరు. అన్ని దశల నీటిని పాళ్ల ప్రకారము కలిపి తీయవలెను. ఆమ్లక్షారతను కాగితపు పట్టీతో ఇంటనే చూడవచ్చును, 6.5 నుండి 8.5 వరకు మొక్కలకు సాధారణముగా హాని లేదు. లవణములను విద్యుద్వాహకత మీటరు తెలుపును. సేంద్రియ మాలిన్యమునకు బి.ఓ.డి. పరీక్ష గలదు: నమూనాను చీకటిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 5 దినములుంచి, తరిగిన ఆక్సిజనును కొలుతురు. స్నానపు నీటిలోను, పసిపిల్లల గుడ్డల నీటిలోను కోలిఫారములుండవచ్చును. వానిని కన్ను పట్టదు, ప్రయోగశాలయే పట్టవలెను. అందుచే ఈ నీటిని పచ్చిగా తిను ఆకుకూరలపై చల్లరాదు. ఒక దినమునకు మించి నిలువ చేయరాదు.

విద్యార్థులు తమ యింట ఏడు దినములు ఈ లెక్క వ్రాసి చూడవలెనని మా కోరిక. కొత్త వసతిగృహమేదైన తలపెట్టినచో, స్నానపు గదుల గొట్టమును మరుగుదొడ్ల గొట్టముతో కలుపక వేరుగా నుంచవలసినదిగా కమిటీవారికి మనవి. ఒకసారి కలిసిన నీటిని కొలిచియు ప్రయోజనము లేదు.