చెరపకండి, దాచండి: ఫోటోలో మాస్క్ ఎలా చూడాలి, ఎలా సరిచెయ్యాలి

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఫ్లెక్సీలకి కొదవ లేదు. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం వాటా అమ్మీడానికి ఒప్పుకుంది. ఫిబ్రవరి నుంచి కార్మికులు ఇక్కడే రిలే దీక్షలకి కూకున్నారు. ఆ దీక్షలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఈ జంక్షన్ నుంచి బయటికెళ్ళిన ఫోటోలకి లెక్కే లేదు. పేపరోళ్ళు తీసినవి కొన్ని, మిగిలినవన్నీ మనోళ్ళ ఫోన్లలోవే.

ఆ ఫోటోల్ని పోస్టర్లుగా, ఫ్లెక్సీలుగా మార్చీది ఎవురు? మీలాంటి కుర్రోళ్ళే. ఊళ్ళో పాత కంప్యూటర్ మీదో, ఫోన్ మీదో కూకుని రాత్రికి రాత్రి డిజైన్ చేసిచ్చీవాళ్ళే. నేనూ ఏ ఇన్‌స్టిట్యూట్‌కీ వెళ్ళలేదు. నొక్కి చూసి, పక్కోడ్ని అడిగి నేర్చుకున్నాను. అందుకే ఈ పని చేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలనుంది. ఫోటోలో ఎవర్నీ ఇరేజర్‌తో చెరపకండి. అవసరమైతే మాస్క్‌తో దాచండి. ఏం దాచారో కళ్ళారా చూసుకున్నాకే ప్రింటుకి ఇవ్వండి.

మాస్క్ అంటే ఏటి?

గోడమీద నినాదం రాసేటప్పుడు అక్షరాలు కోసిన రేకు పెడతాం కదా. కోసిన చోట రంగు పడతాది, కొయ్యని చోట ఆగిపోతాది. లేయర్ మాస్క్ అలాంటి రేకే. ఫోటో లేయర్ మీద కూకుంటాది. మాస్క్‌లో తెలుపు ఉన్న చోట ఫోటో కనిపిస్తాది. నలుపు ఉన్న చోట దాక్కుంటాది. గోడ రేకుకి లేని గుణం ఇంకోటి దీనికుంది: బూడిదరంగు ఉన్న చోట ఫోటో సగం సగం కనిపిస్తాది. కంప్యూటర్ దీన్ని 0 నుంచి 255 దాకా లెక్కేస్తాది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు, 128 అంటే ఇంచుమించు సగం.

ఇరేజర్‌తో తుడిచీసి సేవ్ చేసి మూసీసిన బొమ్మ మళ్ళీ రాదు. మాస్క్‌లో నలుపు పూసిన చోట రేపు తెలుపు పూస్తే మనిషి మళ్ళీ వచ్చీస్తాడు. ఫోటో కింద భద్రంగానే ఉంటాది.

ఫొటోషాప్ 1990లో వచ్చింది. లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. దాన్ని డబ్బులిచ్చి వాడాలి. జింప్ ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తాది. ఫోటోపీ అయితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాది, ఫొటోషాప్ ఫైళ్ళని కూడా తెరుస్తాది. మూడిట్లోనూ మాస్క్ సూత్రం ఒకటే. కాబట్టి డబ్బుల్లేవని ఆగకండి, దొంగ కాపీలూ ఎక్కించుకోకండి.

ముందు చూడడం నేర్చుకోండి

చానామంది ఇక్కడే తప్పుతారు. ఆటోమేటిక్ బటన్ నొక్కుతారు, మనిషి తెగి వస్తాడు, బాగుందనుకుని పంపీస్తారు. తీరా ఫ్లెక్సీ కట్టాక చెవి సగం లేదు, భుజం పక్కన మురికి మచ్చలు. మాస్క్‌ని నేరుగా చూసుంటే ఆ తప్పు ముందే దొరికీది. చూడ్డానికి నాలుగు దారులున్నాయి.

ఒకటి, మాస్క్ ఒక్కదాన్నే చూడ్డం. ఫొటోషాప్‌లో, జింప్‌లో లేయర్ పక్కనున్న మాస్క్ చిన్నబొమ్మ మీద ఆల్ట్ కీ పట్టుకుని క్లిక్ చేస్తే, ఫోటో పోయి నలుపు తెలుపు మాస్క్ తెరంతా వస్తాది. మళ్ళీ అలాగే నొక్కితే ఫోటో వచ్చీస్తాది. మనిషి ఆకారం పాలలాగా తెల్లగా, వెనకంతా బొగ్గులా నల్లగా ఉండాలి. ముఖం మధ్యలో బూడిద మచ్చ కనబడితే అక్కడ ముఖం పలచబడిపోయినట్టు. నలుపులో చుక్కలు కనబడితే వెనకాల చెత్త మిగిలినట్టు.

రెండు, ఎర్ర తెర వేసి చూడ్డం. ఫొటోషాప్‌లో మాస్క్ చిన్నబొమ్మని ఎంచుకుని బ్యాక్‌స్లాష్ కీ నొక్కితే, దాచిన చోటంతా ఫోటో మీద ఎర్రగా కనిపిస్తాది. ఆ ఎరుపు ప్రింటింగ్ ప్రెస్సుల నుంచి వచ్చింది. ఒకప్పుడు ప్రెస్సులో ఎర్ర ఫిల్మ్‌ని కత్తితో కోసి మాస్క్ తయారుచేసేవారు. ప్రెస్ ఫిల్మ్‌కి ఎరుపు నలుపులాగే లెక్క, పనివాడి కంటికి మాత్రం దాని వెనకున్న బొమ్మ కనబడతాది. అయితే మన శిబిరం ఫోటోల్లో ఎర్ర జెండాలు, ఎర్ర కండువాలే ఎక్కువ. ఎర్ర జెండా మీద ఎర్ర తెర వేస్తే ఏటి తెలుస్తాది? మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి, మాస్క్ ఆప్షన్స్‌లో రంగుని పచ్చగా మార్చీయండి.

మూడు, మాస్క్‌ని కాసేపు ఆపడం. ఫొటోషాప్‌లో షిఫ్ట్ పట్టుకుని, జింప్‌లో కంట్రోల్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే అసలు ఫోటో మొత్తం కనిపిస్తాది. ఏది దాచామో, ఎవర్ని దాచామో అప్పుడు తెలుస్తాది.

నాలుగు, కింద ఒక లేయర్ పెట్టి దానికి ముదురు రంగు నింపడం. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద కనబడని తెల్ల అంచు నీలం మీద పెడితే బయటపడిపోతాది. ఫ్లెక్సీకి ఏ రంగు వేస్తారో ఆ రంగే పెట్టి చూడండి.

అంచు ఎందుకంత ముఖ్యం?

చిన్న లెక్క చెప్తాను. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో 1200 పిక్సెళ్ళ వెడల్పుందనుకోండి. దాన్ని 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే, 120 అంగుళాలకి 1200, అంటే అంగుళానికి 10 పిక్సెళ్ళే. మనిషి చుట్టూ 3 పిక్సెళ్ళ తెల్ల అంచు మిగిలితే, ఫోన్‌లో అది అసలు కనబడదు. ఫ్లెక్సీ మీద మాత్రం ముప్పావు సెంటీమీటరు మందాన తెల్ల గీత! అందుకే ఫోటో అడిగేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, సైజు తగ్గదు. అంచులు చూసేటప్పుడు ఫోటోని 100 శాతానికి పెద్దది చేసి, తల నుంచి కాలిదాకా ఒక చుట్టు తిరిగి రండి.

సరిచేసే పద్ధతి

మొదట మాస్క్ చిన్నబొమ్మ మీద ఒకసారి క్లిక్ చెయ్యండి. అది ఎంపికయిందో లేదో చూసుకోండి. లేకపోతే మీరు పూసిన నలుపు ఫోటో మీదే పడతాది. ఫొటోషాప్‌లో డీ కీ, ఎక్స్ కీ గుర్తుంచుకోండి. డీ నొక్కితే రంగులు నలుపు తెలుపుకి వస్తాయి, ఎక్స్ నొక్కితే ఒకదానికొకటి మారతాయి. ఎక్కువ కోసీసిన చోట తెలుపు పూయండి, మిగిలిపోయిన చోట నలుపు పూయండి.

అన్ని అంచులకీ ఒకే బ్రష్ పనికిరాదు. కార్మికుడి హెల్మెట్ అంచు గట్టిది, దానికి గట్టి బ్రష్ వాడాలి. గాలికి ఊగుతున్న జెండా ఫోటోలో కొంచెం చెదిరి ఉంటాది, దానికి మెత్తటి బ్రష్ కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్ బొమ్మ కోస్తే పైనున్న ఆవిరిని కత్తెర్తో కత్తిరించినట్టు కొయ్యకండి. మెత్తటి బ్రష్ ఒపాసిటీ 15 లేదా 20 శాతం పెట్టి పొర మీద పొర పూస్తే ఆవిరి ఆవిరిలాగే ఉంటాది. బూడిదరంగు అసలు ఉపయోగం అదే.

జుట్టు దగ్గరే కష్టం. ఫొటోషాప్‌లో సెలెక్ట్ అండ్ మాస్క్ అని ఉంటాది. అందులో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో జుట్టు చివర్ల మీద మాత్రమే రాయండి, ముఖం మీదకి పోనివ్వకండి. షిఫ్ట్ ఎడ్జ్‌ని కొంచెం మైనస్‌లోకి లాగితే తెల్ల అంచు లోపలికి పోతాది. డీకంటామినేట్ కలర్స్ అనేది అంచు రంగునే మార్చీస్తాది, కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌లోకే తీసుకోండి. సాయంత్రం శిబిరంలో తీసిన ఫోటోల్లో నల్లజుట్టు, వెనకాల చీకటి కలిసిపోతాయి. ఆటోమేటిక్ సెలెక్షన్ ఎక్కువ తప్పేది ఇక్కడే. చేత్తో పూయడమే దారి.

మాస్క్‌లో నలుపు పూర్తి నలుపు కాకుండా మసకగా ఉంటే లెవెల్స్ తెరవండి. నల్ల ముల్లుని 30 దాకా జరిపితే, 30 కన్నా తక్కువున్నదంతా పూర్తి నలుపైపోతాది. తెల్ల ముల్లుని 225కి తెస్తే పైనున్నదంతా తెలుపు. అయితే జుట్టు చివర్లు కూడా మొద్దుబారిపోతాయి. అందుకని జుట్టు వదిలి మిగతా చోటుని ఎంచుకుని ఈ పని చెయ్యండి.

దాచింది ఎవర్ని?

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మాస్క్ పెట్టడమంటే ఎవురు కనిపించాలో, ఎవురు కనిపించకూడదో తేల్చడం. సోవియట్ దేశంలో స్టాలిన్ పక్కన కాలవ గట్టు మీద నడిచిన యెజోవ్ అనే పోలీసు పెద్దని 1940లో కాల్చి చంపారు. తర్వాత ఆ ఫోటోలోంచి కూడా తీసీసి, ఆ చోట నీళ్ళు పూసీసారు. అప్పుడు కంప్యూటర్ లేదు, కత్తీ రంగూ చాలాయి. పాత ప్రింటు మిగిలుంది కాబట్టే మనకి ఆ మోసం తెలిసింది.

మనం అంత ఘోరం చెయ్యట్లేదు, నిజమే. కానీ ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ పెద్దది చేసి, వెనక వరసలో కూకున్న ఆడవాళ్ళని, కాంట్రాక్ట్ కార్మికుల్ని, భూములిచ్చిన నిర్వాసితుల్ని కోసీడం మనకి అలవాటైపోనాది. వాళ్ళు కావాలని అడిగి పోగొట్టుకున్నారేటి? డిజైన్‌లో చోటు చాల్లేదని మనమే దాచీసాం. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళలో ఎంతమంది ముఖాలు మీకు తెలుసు? అప్పుడు అందరి చేతుల్లో ఫోన్ లేదు. ఇప్పుడుంది. ఉండి కూడా మనమే తుడిచీసుకుంటే అది ఎవరి తప్పు?

రెండో సంగతి. మాస్క్‌తో జనాన్ని పెంచకండి. నిన్నటి సభ జనాన్ని ఇవాళ్టి సభలో అతికిస్తే, అవతలోడు ఒక్క ఫోటో పట్టుకున్నా చాలు, మన నిజం ఫోటోలు కూడా అబద్ధమే అంటాడు. వందమంది వస్తే వందమందినే చూపించండి.

ప్రతి పనికీ మూడు ఫైళ్ళు ఉంచుకోండి. ఫోన్‌లో తీసిన అసలు ఫోటో, దాన్ని ముట్టుకోకండి. మాస్కులతో ఉన్న పనిఫైలు: ఫొటోషాప్ అయితే పీఎస్‌డీ, జింప్ అయితే ఎక్స్‌సీఎఫ్. షాపుకి ఇచ్చే జేపీజీ. జేపీజీలో లేయర్లు, మాస్కులు ఉండవు, అన్నీ ఒకటైపోతాయి. అప్లయ్ మాస్క్ అని నొక్కినా దాచింది పోతాది, అది నొక్కకండి. ఫైలు పేరులో తేదీ, చోటు రాయండి. అసలు ఫోటోల్ని ఇద్దరి దగ్గర ఉంచండి, ఒకరి ఫోన్ పోయినా ఇంకొకరి దగ్గరుంటాయి.

ఇది ఉక్కు శిబిరానికే కాదు. మీ ఊళ్ళో ఉపాధి పని కాడ తీసిన ఫోటోకీ, చెరువు గట్టు తెగినప్పుడు తీసిన ఫోటోకీ ఇదే పద్ధతి. ఇవాళ మీ దగ్గరున్న ఏ గ్రూప్ ఫోటో అయినా తీసి, మాస్క్ వేసి, ఆల్ట్ పట్టుకుని చూడండి. తర్వాత మాస్క్‌ని ఆపి, వెనక వరసలో ఎవరున్నారో పేర్లు రాసుకోండి. మిగతాదంతా చేస్తుంటే అదే వస్తాది.