ఉప్పాడ దారి

మా కాలేజీలో మొదటి గంట తెలుగు. ఆ గంటకు తరచు ఆలస్యంగా వచ్చే కుర్రవాడొకడుండేవాడు. వాడిది ఉప్పాడ. "ఏమోయ్, యివాళ కూడా సముద్రం అడ్డొచ్చిందా?" అని నేనడిగితే క్లాసంతా గొల్లున నవ్వేది. వాడు మాత్రం, "అవునండి మాస్టారూ" అని తల వంచుకొని కూర్చునేవాడు. నా వేళాకోళానికి వాడూ వేళాకోళంగానే జవాబు చెబుతున్నాడనుకొన్నాను.

కాకినాడ వాళ్ళకి ఉప్పాడ అంటే ఆదివారం. సముద్రం పక్కనే సాగే దారిలో యిరవై కిలోమీటర్ల లోపే. పిల్లలకు కెరటాలు, ఆడవాళ్ళకు జాందానీ చీరలు, మగవాళ్ళకు ఖర్చు! ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉప్పాడ వాళ్ళకి మాత్రం కాకినాడ అంటే సోమవారం. చదువుకీ, పనికీ, చేపల బేరానికీ, ఆస్పత్రికీ వాళ్ళు రావలసింది ఆ దారినే.

జపానులో జుషి అనే ఊరు కూడా యిలాంటిదే. టోక్యో వాళ్ళు సముద్రస్నానాలకు అక్కడికి వెడతారు. ఆ ఊరివాళ్ళు ఉద్యోగాలకు టోక్యో వెడతారు. 1889లోనే దానికి రైలు వచ్చింది. తొకుతొమి రోకా 1898-99లో పత్రికలో ధారావాహికంగా రాసిన 'హొతొతొగిసు' నవలతో ఆ తీరం మరింత పేరుకెక్కింది. మన ఉప్పాడకు రైలు లేదు. సముద్రపు దారి మూసేస్తే పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి రావాలి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వెళ్ళిపోయాక ఒక ఆదివారం మా ఆవిడ చీర మాట ఎత్తింది. సరేనని బయలుదేరాం. ఉప్పాడ దగ్గర పడుతుండగా ఆటో ఆగిపోయింది. దారి అంచు విరిగి సముద్రంలో పడి వుంది. అలల్ని ఆపడానికి పేర్చిన రాళ్ళు రోడ్డుమీదికి దొర్లి వచ్చాయి. ఆ రాళ్ళ మధ్య నుంచి మా కుర్రవాడు పరుగున వచ్చి నమస్కారం పెట్టాడు. వెనకే వాళ్ళ నాన్న.

"రండి మాస్టారండీ. అదిగో, ఆ కెరటం లేస్తోంది చూశారూ, మా పాత యిల్లు అక్కడండి. అంతకు ముందుది యింకా అవతలండి" అన్నాడు, ఏ చుట్టాలిల్లో చూపించినట్టు. మా ఆవిడ చీర మాట మళ్ళీ ఎత్తలేదు.

యింటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. గోదావరి తెచ్చిన యిసుకతో ఏర్పడిన హోప్ ఐలాండు, సుమారు పదహారు కిలోమీటర్ల పొడుగున, కాకినాడను అలలనుంచి కాపాడుతోంది. ఉప్పాడ దానికి ఉత్తరాన, ఆ అండకు వెలుపల వుంది. ఈ తీరంలో యిసుక ఎక్కువగా దక్షిణంనుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ నడకకు రేవు కట్టడాలు అడ్డుతగులుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి మన డెల్టాకు అన్నం పెట్టింది. తరువాత నదిమీద, దాని ఉపనదులమీద ఎన్నో ఆనకట్టలు లేచాయి. నీళ్ళతోపాటు ఒండ్రు కూడా వాటివెనక ఆగింది. సముద్రానికి చేరే ఒండ్రు తగ్గితే, కెరటం కోసుకుపోయిన చోటు మళ్ళీ పూడటం కష్టం.

ఆనకట్టలు వద్దని ఎవరంటారు? నేను మూడుపూటలా తినేది ఆ నీళ్ళతో పండిన అన్నమే. కాని దాని ఖరీదులో కొంత, ఎక్కడో ఒక బెస్తవాడి గుమ్మం దగ్గర చెల్లుతోందని యిన్నాళ్ళూ నాకు తట్టలేదు. పైగా ఆ యింటి కుర్రవాణ్ణి చూసి నవ్వాను.

మర్నాడు వాడు పావుగంట ఆలస్యంగా వచ్చాడు. క్లాసు నా మాట కోసం ఎదురు చూసింది. "కూర్చో నాయనా" అన్నాను.

ఆ రోజునుంచీ మా క్లాసులో హాజరు గంట చివర వేస్తున్నాను.