మండుటెండలో పాడి పశువు

పాడిపంటలు అనే జంటపదంలో మన పూర్వులు పాడికే అగ్రాసనమిచ్చారు. వాన మొగం చాటేస్తే పంట ఆ యేటికి పోతుంది. పాడి మాత్రం పూటపూటకూ ఇంటిని నిలుపుతుంది. మన కళాశాల విద్యార్థులలో ఎందరి బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు తెల్లవారుజామున పాలకేంద్రంలో పోసిన పాల నుండి వస్తున్నవో హాజరుపట్టీ పట్టుకొనే నాకు కొంత తెలుసు. అటువంటి ఇండ్లలో వేసవి ముదిరేసరికి ఒకే మాట వినవస్తుంది: పశువు మేత మానింది, పాలు తగ్గాయి. కొందరు దిష్టి తగిలిందంటారు. కొందరు అమ్మినవాడు మోసగించాడంటారు. తెలుగు చెప్పేవానికి పశువుల గొడవ ఏల అని ఎవరైనా అడిగితే, గేదెపాల డబ్బుతో చదువుకున్నవాడినని మాత్రమే నా సమాధానం.

ఎండదెబ్బ అనగానే మనకు సూర్యుడే స్ఫురిస్తాడు. కాని పాడి పశువుకు వేడి లోపలి నుండి కూడా పుడుతుంది. రూమెన్ అనే దాని పెద్ద పొట్ట ఆరని పొయ్యి వంటిది. అందులో అసంఖ్యాకమైన సూక్ష్మజీవులు మేతను పులియబెట్టేటప్పుడు వేడి జనిస్తుంది. పాలు తయారయ్యేటప్పుడూ అంతే. కనుక ఎక్కువ పాలిచ్చే పశువు ఎక్కువ వేడిని వెలికి పంపవలసి ఉంటుంది. ఆవు శరీరోష్ణత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 44 డిగ్రీలకు కాగిన నాడు, చెమటగా, శ్వాసగా నీరు ఆవిరి కావడం తప్ప ఆ వేడికి వేరే దారి లేదు. గాలిలో తేమ నిండితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతను, తేమను కలిపి ఒక సూచిక కట్టారు. దాని ప్రకారం 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ కలిస్తే చాలు, శీతలదేశపు హోల్‌స్టీన్ ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. మనకు హాయిగా తోచే పూట అది!

అప్పుడు పశువు తన పొయ్యిని తానే తగ్గించుకుంటుంది. అనగా మేత తగ్గిస్తుంది. రొప్పుతూ చొల్లు కార్చడం వలన పొట్టలోని పులుపును విరిచే లవణాలు పోతాయి. పాల తగ్గుదల ఎండ కాసిన నాడు కాక ఒకటి రెండు రోజుల తరువాత కనబడుతుంది. అసలు కారణం మన కంటబడకపోవడానికి ఇదొక హేతువు.

మన ఒంగోలు జాతి ఈ ఎండలకే పుట్టింది. వదులైన చర్మం, వేలాడే గంగడోలు, తెల్లని మేను దానికి సహజ కవచాలు. బ్రెజిల్ దేశం ఈ జాతిని తెప్పించుకొని నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అని పిలుచుకుంటున్నది. మన కొట్టాలలోకి మాత్రం పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాయి. తప్పు లేదు, కాని ఒంగోలు ఆవుకు చాలిన చెట్టునీడ వాటికి చాలదు. గేదె సంగతి మరొకటి. నల్లని చర్మం వేడిని పీలుస్తుంది, స్వేదగ్రంథులు బహు తక్కువ. చెరువులో మునగడం దానికి విలాసం కాదు, అవసరం. వేసవిలో గేదెకు మూగ ఎద సాధారణం. తెల్లవారుజామున, రాత్రి గమనించకపోతే అదను దాటిపోతుంది, ఆపై ఈత ఆలస్యమవుతుంది.

మా దాదీమా వేసవిలో పగటిపూట గేదెకు కుడితి, కాస్త పచ్చగడ్డి తప్ప పెట్టేది కాదు. ఎండుచొప్ప పొద్దుగూకాకనే. బడికి పోయిన వాళ్లం ఇది పిసినారితనమని నవ్వుకొనేవాళ్లం. మేత తిన్న కొన్ని గంటలకు గాని పొట్టలో వేడి పతాకస్థాయికి రాదని, ఎండుమేత పచ్చిమేత కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుందని తరువాత చదివినప్పుడు సిగ్గుపడ్డాను. ఉదయం తొమ్మిదికి చొప్ప వేయడమంటే మిట్టమధ్యాహ్నానికి లోపల నిప్పు రాజేయడమే.

నీటి విషయంలో మనకు పొదుపు ఎక్కువ. పాలలో సుమారు 87 శాతం నీరే. బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు వేసవిలో రోజుకు 100 లీటర్ల వరకు తాగగలదు. రెండు పూటలా రెండు బక్కెట్లు చూపితే సరిపోదు. తొట్టి ఎప్పుడూ నిండుగా, నీడలో ఉండాలి. రేకుల కప్పుపై గడ్డి పరచినా, సున్నం పూసినా కొట్టంలో వేడి తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. పల్నాడు, తెలంగాణ పొడి ఎండలలో కొట్టం చుట్టూ తడి గోనెపట్టాలు కట్టడం మేలు. అదే పని ఉక్కపోసే సముద్రతీరంలో చేస్తే గాలి ఆగి, తేమ పెరిగి కీడే జరుగుతుంది. అక్కడ మేను పూర్తిగా తడిసేలా రెండు మూడు నిమిషాలు నీరు చల్లి, పావుగంట పంకా గాలి తగలనివ్వాలి. తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. చల్లార్చేది నీరు మాత్రమే కాదు, ఆరడం.

పాలు ఇవ్వడం లేదు కదా అని వట్టిపోయిన చూడి పశువును ఎండలో కట్టివేయడం చూస్తుంటాం. ఈనడానికి ముందరి రెండు నెలలలో ఎండ దెబ్బ తిన్న ఆవు, ఈనిన తరువాత తక్కువ పాలిస్తుందని, కడుపులోని పెయ్య కూడా పెద్దయ్యాక ఆ నష్టాన్ని మోస్తుందని పరిశోధనలు నిరూపించాయి. ముందు నీడకు చేర్చవలసినది దానినే.

వేసవి సెలవులకు ఇండ్లకు వెళ్లే విద్యార్థులు ఒక పని చేయవచ్చు. మధ్యాహ్నం మూడింటికి, నిలబడి ఉన్న ఆవు డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతున్నదో గడియారం చూసి లెక్కించండి. 60 దాటితే ఇంట్లో వారిని లేపండి. ఈలోగా నీళ్ల తొట్టిలో చేయి పెట్టి చూడండి, నీరు వేడెక్కి ఉందేమో.