ఉపవాసమునకు రెండర్థములు

ఉపవాసమనగా మన యిండ్లలో నొక యర్థము, ఆసుపత్రిలో వేఱొక యర్థము. ముత్తంగిలోని మా యత్తగారికి పిత్తాశయములోని రాళ్లకు శస్త్రచికిత్స నిశ్చయమైనది. "రేపు ఉపవాస ముండవలె"నని రాత్రి నర్సు చెప్పిపోయెను. తెల్లవాఱి మేము లేచునప్పటికి అత్తగారు మంచముపైఁ గూర్చుండి, మా టిఫినుడబ్బాలోని యుప్మా నారగించుచుండిరి! "అన్నము ముట్టలేదే! ఏకాదశినాడును ఇంతేగదా!" అనిరి. శస్త్రచికిత్స మఱునాటికి మాఱినది. "ఈ రెండవ యుపవాసపుఁ బుణ్యము నాకా, మీకా?" యని వారు డాక్టరుగారి నడుగఁగా వార్డంతయు నవ్వెను.

సోదరీమణులారా, నవ్వు నవ్వే కాని, ఇది ప్రాణములతోడి పని. మత్తులో నున్నపుడు కడుపులోని యాహారము పైకి వచ్చి యూపిరితిత్తులలోఁ బడవచ్చును. అందుకే సామాన్యముగా ఘనాహారమును 6 గంటలు, మంచినీటిని 2 గంటలు ముందే మానిపింతురు. పెద్దలకు "ఉపవాస"మని చెప్పి యూరకుండక, "ఫలహారమును కూడదు" అని విప్పి చెప్పుఁడు.