నేరాల నియంత్రణలో ఇరుగుపొరుగు భాగస్వామ్యం: కాలనీలు, పోలీసు, నగరపాలక సంస్థల సమన్వయం

ఒక వీధిలో దొంగతనం జరిగినప్పుడు అందరి చూపూ ముందుగా పోలీసు ఠాణా వైపు మళ్ళడం సహజం. అయితే ఆ వీధిలో దీపం వెలగకపోవడం నగరపాలక సంస్థకు సంబంధించిన అంశం. మూలనున్న ఖాళీ స్థలంలో ఏపుగా పెరిగిన ముళ్ళపొదలు ఆ స్థలం యజమాని బాధ్యత. తాళం వేసిన ఇంటి గుమ్మంలో మూడు రోజులుగా పోగుపడిన వార్తాపత్రికలు పక్కింటివారికి తప్ప మరెవరికీ కనబడేవి కావు. నేరం చేయదలచినవాడు ఈ మూడింటినీ కలిపి చూస్తాడు. వాటిని సరిదిద్దవలసినవారు మాత్రం విడివిడిగా ఉంటారు.

ఈ విభజన రాజ్యాంగంలోనే ఉంది. ఏడవ షెడ్యూలు ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశాలు. 1992 నాటి 74వ సవరణ ద్వారా చేర్చబడిన పన్నెండవ షెడ్యూలు వీధిదీపాలు, బస్ స్టాపులు, వాహనాలు నిలుపు స్థలాలను పురపాలక సంస్థల అంశాలుగా పేర్కొంది. అదే సవరణ వలన వచ్చిన 243-ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు కమిటీల ఏర్పాటును నిర్దేశించింది. పోలీసు అధికారి, నగరపాలక అధికారి, కాలనీవాసులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే తప్ప ఒక చీకటి సందు సమస్య పూర్తిగా తీరకపోవడానికి కారణం ఇదే.

ఇది కొత్తగా కనిపెట్టిన మార్గమేమీ కాదు. మహారాష్ట్రలోని భివండీలో 1988 నుండి పోలీసులు మొహల్లా కమిటీలను నెలకొల్పారు. 1992-93లో ముంబయి అల్లర్లతో అట్టుడికినప్పుడు, అంతకు ముందు మతకలహాలకు పేరుపడిన భివండీ ప్రశాంతంగా నిలిచింది. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో 1993లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’, కేరళలో 2008లో ‘జనమైత్రి’ ప్రారంభమయ్యాయి. అమెరికాలోని షికాగో నగరం 1993లో ఐదు పోలీసు డిస్ట్రిక్టులలో ఇటువంటి పథకాన్నే ప్రయోగాత్మకంగా చేపట్టింది. ఆ పథకంలో బీటు సమావేశాలకు వచ్చిన నివాసులు పాడుబడిన ఇళ్ళు, చెత్త, వెలగని దీపాల గురించి చెబితే ఆ ఫిర్యాదులు నగరపాలక విభాగాలకు చేరే ఏర్పాటు ఉండటం గమనించదగిన విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో పోలీసు శాఖ ‘మైత్రి’ పేరిట కమిటీలను నిర్వహించింది.

హైదరాబాదులో ఈ కృషి స్వరూపం 2013 తరువాత మారింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళ అనంతరం ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకే సమయంలో 100 మంది గాని, రోజు మొత్తంలో 500 మంది గాని గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలను, ప్రవేశ నియంత్రణ ఏర్పాట్లను సమకూర్చుకోవాలని, రికార్డులను 30 రోజులపాటు భద్రపరచాలని ఆ చట్టం నిర్దేశించింది. జనసమ్మర్దం గల స్థలాలకు చట్టం ఉంది. నివాస వీధుల మాటేమిటన్న ప్రశ్నకు సమాధానంగా ‘నేను సైతం’ పేరిట కాలనీవాసులే చందాలు వేసుకుని కెమెరాలు అమర్చుకునే కార్యక్రమాన్ని పోలీసులు ప్రోత్సహించారు. బంజారాహిల్స్‌లో నిర్మించిన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది.

కెమెరాల విషయంలో కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. కెమెరా దొంగను పట్టదు, దొంగ వచ్చిన దారిని చూపుతుంది. అదీ అది పనిచేస్తున్నప్పుడు మాత్రమే. ప్రారంభోత్సవాలకు ఆహ్వానపత్రికలు ఈ రచయిత బల్లపైకి వస్తూనే ఉంటాయి గాని, తెగిన తీగను అతికించిన రోజున పత్రికా ప్రకటన ఇమ్మని కోరినవారు ఇంతవరకు లేరు. చందా పోగుచేసేటప్పుడు కెమెరా ధర లెక్కిస్తారు; ఏటేటా నిర్వహణకు, హార్డ్‌డిస్కు మార్పిడికి, విద్యుత్తుకు అయ్యే ఖర్చును లెక్కించరు. వీధిదీపం వెలగని చోట అమర్చిన కెమెరా రాత్రివేళ నీడలను మాత్రమే చిత్రీకరిస్తుంది. కనుక కెమెరా స్థలాన్ని నిర్ణయించేటప్పుడే నగరపాలక సంస్థ విద్యుత్ విభాగం వారిని పిలవడం వివేకం.

చిత్రం దొరికిన తరువాత కూడా పని పూర్తికాదు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును న్యాయస్థానంలో సాక్ష్యంగా సమర్పించాలంటే ధ్రువపత్రం అవసరం. దానిలో ఒక భాగాన్ని ఆ పరికరం ఎవరి అధీనంలో ఉన్నదో వారు, రెండవ భాగాన్ని నిపుణుడు పూరించాలి. రికార్డు హాష్ విలువను పేర్కొనాలి. అంటే కాలనీ సంఘంలో ఆ యంత్రానికి బాధ్యుడు ఎవరన్నది ముందుగానే తీర్మానమై ఉండాలి. సంకేతపదం కాపలాదారుకు, తాళంచెవి కోశాధికారికి, రసీదు ఊరు విడిచి వెళ్ళిన పాత కార్యదర్శి వద్ద ఉన్నట్లయితే దర్యాప్తు అధికారి చేతికి చిత్రం అందేలోపు డిస్కులో పాత దృశ్యాలపై కొత్తవి చేరిపోతాయి.

తాళం వేసిన ఇళ్ళ విషయంలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్’ పేరిట వేరొక పద్ధతిని అనుసరించారు. ఊరికి వెళ్ళే కుటుంబం యాప్ ద్వారా కోరితే పోలీసులు ఇంటిలో కదలికలను పసిగట్టే కెమెరాను ఉచితంగా అమర్చుతారు. ఎవరైనా చొరబడితే కంట్రోల్ రూముకు సంకేతం అందుతుంది. అయితే పాలవాడిని, పత్రికవాడిని ఆ నాలుగు రోజులూ రావద్దని చెప్పే పని పొరుగువారిదే!

ఇక అన్నింటికంటె జాగ్రత్త వహించవలసిన విషయం. పొరుగువారి అప్రమత్తత ఎక్కడ ముగిసి గుంపు దౌర్జన్యం ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే నష్టం అపారం. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు సంచరిస్తున్నాయన్న వదంతులు వాట్సాప్ ద్వారా వ్యాపించాయి. తెలుగు జిల్లాలలో పలుచోట్ల కొత్తగా కనబడినవారిపై, భిక్షాటన చేసుకునేవారిపై, మతిస్థిమితం లేనివారిపై దాడులు జరిగాయి; హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణాలు కోల్పోయారు. దాడిచేసిన గుంపులు కూడా తమ వీధిని కాపాడుకుంటున్నామనే తలచాయి. అదే సంవత్సరం జులై 17న సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని ఆదేశించింది.

పౌరునికి చట్టం ఇచ్చిన అధికారం పరిమితమైనది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారం తన సమక్షంలో బెయిలుకు వీలులేని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగినప్పుడు, లేదా నేరస్థునిగా న్యాయస్థానం ప్రకటించిన వ్యక్తి ఎదురైనప్పుడు మాత్రమే సామాన్యుడు అతనిని పట్టుకోవచ్చు. అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితులలోనూ ఆరు గంటలలోపు, పోలీసులకు అప్పగించాలి. అనుమానం, కొత్త ముఖం, వేరే భాష మాట్లాడటం ఇందులోకి రావు. కొట్టే హక్కు అసలే లేదు. మరోవంక హత్య, దోపిడీ, రాత్రివేళ ఇళ్ళలో చొరబడటం వంటి నేరాల గురించి తెలిసిన ప్రతి వ్యక్తి సమాచారం ఇవ్వడాన్ని 33వ సెక్షను విధిగా పేర్కొంది. 173వ సెక్షను ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా ఇచ్చినట్లయితే మూడు రోజులలోపు సంతకం చేయవలసి ఉంటుంది. “మా పరిధి కాదు” అన్న సమాధానం విని తిరిగి వచ్చిన పౌరుడు మరొకసారి ఫిర్యాదు చేయడానికి ముందుకు రాడన్న సంగతి అధికారులకు తెలియనిది కాదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కాలనీ కెమెరా రహదారిని చూడాలి గాని ఎదురింటి పెరటిని కాదు. అద్దెకున్నవారి, పనిమనుషుల వివరాల సేకరణలోనూ ఇదే మర్యాద పాటించాలి. వారు కూడా ఆ వీధి మనుషులే, దొంగతనాల వలన నష్టపోయేవారే. సేకరించిన సమాచారానికి భద్రత కూడా కావాలి. 2014 చివర హైదరాబాదు పోలీసులు ప్రవేశపెట్టిన ‘హాక్ ఐ’ యాప్‌లోని సమాచారం 2024లో బయటికి పొక్కగా, అందుకు సంబంధించి ఒక యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. పోలీసు శాఖ యాప్‌కే ఆ ముప్పు తప్పనప్పుడు కాలనీ సంఘం సెల్‌ఫోనులో ఉన్న జాబితా మాట వేరుగా చెప్పనక్కరలేదు.

కాలనీ సమావేశాల నిర్వహణలో తరచుగా ఎదురయ్యే లోపం ఒకటి ఉంది. ఠాణా అధికారి వస్తారు, సన్మానం జరుగుతుంది, ఉపన్యాసం ముగుస్తుంది, నగరపాలక సంస్థ నుండి ఎవరూ రారు. లేదా వార్డు అధికారులు వస్తారు గాని బీటు కానిస్టేబుల్ కాలనీవారికి ముఖపరిచయం లేని వ్యక్తిగానే మిగిలిపోతాడు. స్త్రీలు, వృద్ధులు, ఇంటిపనివారు చెప్పేది వినడానికి వేళ అనుకూలంగా ఉండదు. సాయంత్రం బస్సు దిగి ఆ చీకటి సందులో నడిచేది వారే. సమావేశంలో వచ్చిన ప్రతి ఫిర్యాదును స్తంభం సంఖ్యతో, సందు పేరుతో సహా ఒక రిజిస్టరులో నమోదుచేసి, బాధ్యుడైన అధికారి హోదాను, గడువు తేదీని దాని ఎదుట వ్రాసి, మరుసటి సమావేశంలో మొదట ఆ పుటనే చదివే పద్ధతి ఖర్చులేనిది. ఈ విషయమై వార్తలు సేకరించే పాత్రికేయ మిత్రులు కెమెరాల సంఖ్యతో పాటు ఆ రిజిస్టరును కూడా చూపమని అడగవచ్చు.